ఎడ్లపాడులో ఒక్క పాత్ర పెట్టండి: స్పైసెస్ బోర్డు చైర్మన్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్పైసెస్ బోర్డు చైర్మన్ గారికి,
కొచ్చి.

పల్నాడు రైతు మిరపకాయను గోనె టిక్కీలకెత్తి అమ్ముకుంటాడు. దుర్గి, వెల్దుర్తి, కారంపూడి, బొల్లాపల్లి వైపు నుంచి లారీలు రాత్రికి రాత్రే బయల్దేరి, తెల్లారేసరికి గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర బారులు తీరుతాయి. మాచర్ల నుంచైతే వంద కిలోమీటర్లకు పైమాటే. యార్డులో కాయను అరచేతిలోకి తీసుకుని రంగు చూస్తారు, విరిచి తేమ చూస్తారు, తొడిమ చూస్తారు, ధర చెబుతారు. రంగు పోయి తెల్లబడిన తాలు కాయైతే ధర సగానికి పడిపోయినా ఎవరూ ఆశ్చర్యపోరు. కాయ లోపలున్న రసాయనానికి ధర కట్టేది మాత్రం అక్కడ కాదు, వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో.

ఆ రసాయనాలు ముఖ్యంగా రెండు. ఘాటునిచ్చే క్యాప్సైసిన్, ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్. వీటిని కాయ నుంచి లాగి చిక్కటి ముద్దగా చేస్తే ఓలియోరెసిన్ అవుతుంది. ఈ పరిశ్రమ సంగతి మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ కార్యాలయానికి అంత దూరంలో లేని కోలెంచేరిలోనే 1972లో ఓలియోరెసిన్ తీసే సింథైట్ కంపెనీ మొదలైంది. మిరప పండేది పల్నాడులో, గుంటూరులో. దాని సారం తీసి ప్రపంచానికి అమ్మే నైపుణ్యం పెరిగింది మిరప పెద్దగా పండని కేరళలో. ఇందులో కేరళ తప్పేమీ లేదు. వాళ్లు ముందుగా కళ్లు తెరిచారు.

2025 ఫిబ్రవరిలో ధర కూలిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ధర పడిన ఏడాదికి అది అవసరమే. కానీ టిక్కీలో కాయ తప్ప మరేమీ అమ్మలేని జిల్లాకు ఇలాంటి ఏడాది మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే ఈ లేఖ అడుగుతున్నది మద్దతు ధర గురించి కాదు, ఒక ఉక్కు పాత్ర గురించి. మీ బోర్డు ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో సుమారు 125 ఎకరాల్లో స్పైసెస్ పార్కు పెట్టింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక అది ఈ జిల్లాలోకే వచ్చింది. ఆ పార్కులో కార్బన్ డయాక్సైడును సూపర్‌క్రిటికల్ స్థితిలో ద్రావణిగా వాడి, అందులోనే ఎంజైములతో చర్యలు జరిపే ఒక చిన్న ప్రయోగ యూనిట్ కావాలి. రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు, చిన్న కారం మిల్లులు, కాలేజీలు అద్దె కట్టి వాడుకునేలా ఉండాలి.

మాట కొంచెం బరువుగా ఉంది కాబట్టి విప్పి చెప్పుకోవాలి.

రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం. రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువంటే ముందుగా వినిపించే పేరు ఆ ఊరిదే. అక్కడ ఏ ఆఫీసు వరండాలోనో గోడకు తగిలించిన మంటలార్పే సిలిండరు ఉందనుకుందాం. లోపల నింపింది కార్బన్ డయాక్సైడు. చల్లటి రోజుల్లో అందులో అడుగున ద్రవం, పైన వాయువు ఉంటాయి. వేడి 31.1 డిగ్రీలు, ఒత్తిడి సుమారు 74 బార్లు దాటాయంటే ఆ రెంటి మధ్య గీత చెరిగిపోతుంది. 45 డిగ్రీల ఎండలో ఆ సిలిండరులో ఉన్నది ద్రవమూ కాదు, వాయువూ కాదు. ద్రవంలా బరువుగా ఉండి పదార్థాలను కరిగించుకుంటుంది, వాయువులా పలచగా ఉండి సందుల్లోకి చొచ్చుకుపోతుంది. ఇదే సూపర్‌క్రిటికల్ స్థితి. ఈ హద్దును 1869లో బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ కార్బన్ డయాక్సైడు మీదే పరిశోధించి స్పష్టంగా చూపించాడు. దీన్ని పనిలో పెట్టడానికి మరో వందేళ్లు పట్టింది. 1960లలో జర్మనీలో కుర్ట్ జోసెల్ ఈ కార్బన్ డయాక్సైడుతో కాఫీ గింజల్లోంచి కెఫీన్ లాగే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు కాఫీ, బీరులో వేసే హాప్స్, సుగంధ ద్రవ్యాల సారం తీయడంలో అది స్థిరపడిన పరిశ్రమ.

దీని గొప్ప సుగుణం కరిగించే శక్తిని ఒత్తిడితో పెంచుకోగలగడం, తగ్గించుకోగలగడం. మిరప విషయంలో ఇది బాగా కలిసొస్తుంది. తక్కువ ఒత్తిడిలో ఘాటు, వాసన ముందుగా కదులుతాయి. ఒత్తిడి పెంచితే రంగు వస్తుంది. అంటే ఒకే పాత్రలో, ఒకే సరుకు నుంచి ఘాటును ఒక సీసాలోకి, ఎరుపును మరో సీసాలోకి చాలావరకు విడదీయవచ్చు. పని అయ్యాక ఒత్తిడి వదిలేస్తే, గోలీసోడా కొట్టగానే గ్యాసు పోయినట్టు, ద్రావణి తనంతట తనే వెళ్లిపోతుంది. దాన్ని పట్టి మళ్లీ వాడుకోవచ్చు. సరుకులో ఏమీ మిగలదు.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న హెక్సేను అలా కాదు. అది పెట్రోలియం నుంచి వచ్చేది, 69 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. సారంలో ఎంతో కొంత మిగులుతుంది కాబట్టే అమెరికా ఆహార నియంత్రణ సంస్థ సుగంధ ద్రవ్యాల ఓలియోరెసిన్‌లో పది లక్షల పాళ్లకు 25 పాళ్లు మించి హెక్సేను ఉండరాదని హద్దు పెట్టింది. 2003లో భారత్ నుంచి వెళ్లిన కారంలో సూడాన్ రంగు ఉందని ఫ్రాన్స్ పట్టుకున్నాక యూరప్ అంతా మన మిరపను ఎలా అనుమానంగా చూసిందో బోర్డుకు బాగా తెలుసు. ఏ అవశేషమూ లేని సారం అన్న మాట ఆ మార్కెట్లలో ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

ఇంతవరకు సారం తీయడం గురించే. ఎంజైము సంగతి ఇంకా ఆసక్తికరం.

ఎంజైముకు నీళ్లే ఇల్లని చాలాకాలం నమ్మారు. 1984లో జాక్స్, క్లిబనోవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ నమ్మకాన్ని గట్టిగా కదిపారు. పంది క్లోమం నుంచి తీసిన లైపేజు అనే ఎంజైము దాదాపు నీళ్లే లేని సేంద్రియ ద్రావణిలో, 100 డిగ్రీల వేడిలో కూడా పనిచేస్తుందని చూపించారు. మరుసటి ఏడాదే, 1985లో, రెండు బృందాలు సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడులో ఎంజైములు పనిచేస్తాయని ప్రకటించాయి. బర్క్‌లీలో రాండాల్ఫ్, బ్లాంచ్, ప్రౌస్నిట్జ్, విల్కీ ఆల్కలైన్ ఫాస్ఫటేజుతో ఆ పని చేస్తే, హామండ్, కారెల్, క్లిబనోవ్, క్రుకోనిస్ పాలీఫినాల్ ఆక్సిడేజుతో చేశారు. ఇలాంటి పాత్రలో ఎంజైము కరగదు. చిన్న రెజిన్ పూసలకు అంటించిన లైపేజు ఆ పూసల మీదే ఉండిపోతుంది. చర్య జరగాల్సిన నూనె, ఆల్కహాలు లాంటివి కార్బన్ డయాక్సైడులో కరిగి పూసల రంధ్రాల్లోకి వెళ్లి, చర్య ముగించుకుని బయటికొస్తాయి. ఒత్తిడి దించితే తయారైన సరుకు అడుగున దిగుతుంది, ఎంజైము పాత్రలోనే ఉంటుంది, గ్యాసు వెనక్కి పోతుంది. ఇదంతా 40, 50 డిగ్రీల దగ్గరే నడుస్తుంది. రంగు, వాసన మాడిపోయే వేడి అక్కర్లేదు.

మన దగ్గర దీని మీద పని లేదనుకుంటే పొరపాటు. పక్కనే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గిరిధర్ మద్రాస్, జయంత్ మోదక్ బృందం 2002లోనే పరిమళమిచ్చే ఎస్టర్లను ఎంజైములతో సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడులో తయారుచేసి ఫలితాలు అచ్చువేసింది. 2007లో రాథోర్, మద్రాస్ ప్రచురించిన పరిశోధన పల్నాడు వాళ్లకు మరీ దగ్గరిది. అందులో వాళ్లు తీసుకున్న నూనెల్లో కానుగ ఉంది, జత్రోఫా ఉంది, వేరుశనగ ఉంది. నోవోజైమ్ 435 అనే లైపేజుతో, 45 డిగ్రీల వేడిలో, ఎనిమిది గంటల పాటు బయోడీజిల్ చర్య నడిపారు. నూనెలో 60 నుంచి 70 శాతమే మారింది. ఎంజైమేమీ లేకుండా ఆల్కహాలునే సూపర్‌క్రిటికల్ స్థితికి తీసుకెళ్లి, చాలా ఎక్కువ వేడిలో నడిపితే అదే మార్పు పది నిమిషాల్లోనే 80 శాతం దాటింది.

ఈ అంకెలను దాచిపెట్టి యూనిట్ అడగడం నిజాయితీ కాదు. అవి చెబుతున్న సంగతి సూటిగా ఉంది. లీటరు లెక్కన అమ్ముడుపోయే చౌక ఇంధనానికి ఈ పద్ధతి తగదు. ఖరీదైన ఎంజైము, 200 బార్లకు ఓర్చే పాత్ర, ఎనిమిది గంటల సమయం డీజిల్ ధరలో గిట్టవు. గ్రాముల్లో, కిలోల్లో అమ్ముడయ్యే ఘాటు, రంగు, పరిమళం వేరు. వేడికి పాడయ్యేవి, అవశేషం ఉండకూడనివి, ఎక్కువ ధర పలికేవి అవే. మిరప సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది.

సుగంధ ద్రవ్యం మీదా దేశంలో ఒక మంచి ప్రయోగం జరిగింది. కోల్‌కతా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో మిరియాల పొడికి ఆల్ఫా అమైలేజు అనే ఎంజైము కలిపి, సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడుతో సారం తీశారు. మిరియంలో పిండిపదార్థం ఎక్కువ. ఎంజైము ఆ పిండిని విరగ్గొడితే లోపల చిక్కుకున్న పైపెరిన్ బయటపడుతుంది. దిగుబడి పెరిగింది. మిరపకాయలో అడ్డు నిలిచేది పిండి కంటే ఎక్కువగా పీచు, పెక్టిన్. కాబట్టి ఇక్కడ అమైలేజు బదులు సెల్యులేజు, పెక్టినేజు ప్రయత్నించాలి. అవి ఆ ఒత్తిడిలో ఎంతకాలం పనిచేస్తాయో, మన కాయకు ఏ తేమ దగ్గర బాగా పనిచేస్తాయో పుస్తకం చూసి చెప్పే సంగతి కాదు. పాత్ర ఉంటేనే తేలుతుంది.

తాలు కాయ సంగతి చూడండి. కోత ఆలస్యమై, మంచు పట్టి, కల్లంలో వాన తగిలి తెల్లబడిన కాయ అది. రంగు పోయినా ఘాటు చాలావరకు దాంట్లోనే ఉంటుంది. రైతు దృష్టిలో నష్టం, రసాయన శాస్త్రవేత్త దృష్టిలో క్యాప్సైసిన్. ఆ క్యాప్సైసిన్‌ను అలాగే అమ్మవచ్చు, ఇంకో మెట్టు పైకీ తీసుకెళ్లవచ్చు. జపాన్‌లో కొబాటా, వతనాబే బృందం 1990ల చివర్లో లైపేజు సాయంతో క్యాప్సైసిన్‌ను, మామూలు నూనెల్లోని కొవ్వు ఆమ్లాలను కలిపి కొత్త రకాలు తయారుచేసింది. ఆ కుటుంబంలోదే ఆల్వానిల్. నిర్మాణంలో క్యాప్సైసిన్‌కు చుట్టమే, నోరు మాత్రం మండదు. అందుకే ఔషధ పరిశోధకులు దాన్ని ఇష్టపడతారు. కొబాటా బృందం 1999 నాటి ప్రయోగంలో ద్రావణి హెక్సేను. లైపేజులు కార్బన్ డయాక్సైడులోనూ పనిచేస్తాయని అప్పటికే తెలుసు. హెక్సేను తీసేసి ఆ పని పల్నాడు తాలు కాయతో, పల్నాడు పత్తి గింజల నూనెతో చేసి చూడటం ఇక్కడి కుర్రాళ్లకు దొరకాల్సిన పరిశోధన. కారం మిల్లుల్లో వేరుపడే మిరప గింజల నూనె కూడా అలాంటిదే. అందులో లినోలెయిక్ ఆమ్లం దండిగా ఉంటుంది.

ఇబ్బందులూ చెప్పాలి. ఎంజైము చుట్టూ కొద్దిపాటి నీటి పొర ఉండాలి. కార్బన్ డయాక్సైడు ఆ నీటిని కొంచెం కొంచెంగా లాగేస్తుంది, అప్పుడు ఎంజైము మొద్దుబారుతుంది. నీళ్లు ఎక్కువైతే అదే కార్బన్ డయాక్సైడు కార్బోనిక్ ఆమ్లంగా మారి పుల్లదనం పెంచుతుంది. ఎంజైములోని లైసీన్ భాగాలతో కలిసి కార్బమేట్లుగానూ అతుక్కోగలదు. ఒత్తిడి ఎక్కించడం, దించడం హడావుడిగా పదేపదే చేస్తే చాలా ఎంజైములు అక్కడే దెబ్బతింటాయి. అందుకే నలభై ఏళ్లుగా ప్రయోగాలు సాగుతున్నా ఎంజైము చర్యలు ఈ ద్రావణిలో పరిశ్రమ స్థాయికి చేరినవి తక్కువ. సారం తీసే పని మాత్రం నిలదొక్కుకుంది. కాబట్టి పెట్టే పాత్ర ముందు సారం తీసి తన ఖర్చు తాను రాబట్టుకోవాలి, మిగిలిన సమయంలో ఎంజైము ప్రయోగాలకు తెరిచి ఉండాలి. ఈ వరస తలకిందులైతే యూనిట్ తుప్పు పడుతుంది.

పల్నాడు ఎండ కలిసొస్తుందని ఎవరైనా చెబితే సగమే నమ్మండి. చర్య జరగడానికి వేడి మంచిదే. కానీ పంపు కార్బన్ డయాక్సైడును తోయాలంటే ముందు దాన్ని చల్లబరిచి ద్రవం చెయ్యాలి. 31 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా అది ద్రవం కాదు. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ చిల్లర్ ఆగకుండా నడవాలి, కరెంటు బిల్లు లెక్కలో అది ముందే ఉండాలి.

సున్నపు బట్టీల గురించీ ఇలాంటి మాటే వినిపించవచ్చు. పిడుగురాళ్ల సున్నానికి పేరున్న ఊరు. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958 నాటిది. వంద కిలోల సున్నపురాయి పూర్తిగా కాలితే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. దాన్ని పట్టి వాడితే బాగుంటుందనిపించడం సహజం. అయితే బట్టీ పొగలో నైట్రోజన్, మసి కలిసి ఉంటాయి. తిండి సరుకుకు తగినంత శుద్ధి చేయడం ఖరీదైన పని. డిస్టిలరీల పులియబెట్టే తొట్ల నుంచి వచ్చే గ్యాసు అంతకంటే శుభ్రం. పైగా ఈ యూనిట్ తన గ్యాసును తిప్పి తిప్పి వాడుకుంటుంది, కొత్తగా కావాల్సింది కొంచెమే. వాతావరణాన్ని బాగుచేస్తుందన్న పేరుతో దీనికి డబ్బు అడగకూడదు. హెక్సేను లేని సారం, రైతు కాయకు పెరిగే విలువ, ఈ రెండు కారణాలే చాలు.

భద్రతకు రాజీ పనికిరాదు. 300 బార్ల పాత్రకు పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతి, ప్రెజర్ వెసెల్ నిబంధనల ప్రకారం తనిఖీలు తప్పనిసరి. కార్బన్ డయాక్సైడు మండదు కానీ గాలి కంటే బరువు. లీకైతే గుంటల్లో, సెల్లార్లలో పేరుకుని మనిషికి ఊపిరాడకుండా చేస్తుంది. షెడ్డు నేలమట్టానికి పైనే ఉండాలి, గ్యాసును పసిగట్టే అలారాలు నేలకు దగ్గరగా ఉండాలి, పనివాళ్లకు తెలుగులో శిక్షణ ఇవ్వాలి.

మనుషులు లేరన్న సాకు చెల్లదు. హైదరాబాదు తార్నాకలోని ఐఐసీటీ తవుడు నూనెను ఎంజైముతో శుద్ధి చేసే పద్ధతిని మిల్లుల దాకా తీసుకెళ్లిన సంస్థ. నూనె, ఎంజైము రెండూ వాళ్లకు చేతిలో పని. బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆహార సాంకేతిక కళాశాల ఉంది. మిరప రకాలను పుట్టించిన లాం ఫారం గుంటూరు పక్కనే ఉంది. నరసరావుపేటలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ముంబయి ఐఐటీలో మమతా ముఖోపాధ్యాయ సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడుతో సహజ సారాలు తీయడం మీద 2000లోనే పూర్తి పుస్తకం రాశారు. విద్య దేశంలోనే ఉంది. ఎడ్లపాడులో లేనిది దాన్ని పరీక్షించే పాత్ర.

బోర్డుకు విన్నపం ఇది. స్పైసెస్ పార్కులో ఉమ్మడి సదుపాయంగా యాభై లీటర్లకు మించని ఒక సూపర్‌క్రిటికల్ యూనిట్ పెట్టండి. దాని పక్కనే ఎంజైము చర్యలకు ఒకటి రెండు లీటర్ల చిన్న రియాక్టరు ఉంచండి. ఐఐసీటీకి, బాపట్ల కళాశాలకు సాంకేతిక బాధ్యత అప్పగించండి. మొదటి సీజనులో తేజ రకం మిరప తాలు కాయతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడ రైతు పోగొట్టుకునేది ఏమీ లేదు. క్వింటాలు కాయకు ఎంత ఘాటు వచ్చింది, ఎంత కరెంటు ఖర్చయింది, ఎంజైము పూసలు ఎన్ని విడతలు నిలిచాయి, అన్నీ తెలుగులో అచ్చువేసి మిర్చి యార్డు నోటీసు బోర్డు మీద అంటించండి. ఫలితం రాకపోతే అదీ అంటించండి. గిట్టుబాటు అయితే పెట్టుబడి పెట్టేవాళ్లు నరసరావుపేటలోనే ఉన్నారు. కాకపోతే ఎందుకు కాలేదో అంకెలతో తెలుస్తుంది.

ఫిబ్రవరి నుంచి యార్డుకు కొత్త కాయ పోటెత్తుతుంది. దానికి ముందే బోర్డు సమావేశంలో ఈ ప్రతిపాదనను చర్చకు పెట్టి, ఔనో కాదో పల్నాడు రైతుకు రాతపూర్వకంగా చెప్పాలని కోరుతూ,

నరసరావుపేట నుంచి,
పల్నాడు మిరప మేలు కోరే ఒక రచయిత